పదహారో సీసా

సీసాల గదిలో రెండు అరలు. పై అరలో పడవల రేవు దగ్గర పట్టిన రొయ్యలు, కింది అరలో ముక్కురాళ్ళ దగ్గర పట్టినవి. ఏడాదికొక సీసా చొప్పున ఒక్కో అరలో ఇరవై రెండు. సముద్రం అన్ని రోజులకన్నా దూరం వెనక్కి తగ్గే పెద్దపాటు ఏడాదికి ఒక్క రోజే వస్తుంది. ఆ రోజు రెండు చోట్లా రాళ్ళ మీది నాచు పీకి, బాల్చీలో దులిపి, జల్లెడ పట్టి, వడ్లగింజంత రొయ్యల్ని పట్టకారుతో ఏరి స్పిరిట్లో వెయ్యాలి. ఇరవై రెండేళ్ళుగా అతని పని అదే. ఒక్క ఏడూ తప్పలేదు. అందుకని పరిశోధన కేంద్రంలో అందరూ అతన్ని గడియారం అంటారు.

సోమవారం పొద్దున అతను మూతలు తీసి, ఆవిరై తగ్గిన సీసాల్లో స్పిరిట్ పోస్తున్నాడు. రొయ్యల మీద పరిశోధన చేసే అమ్మాయి వచ్చి స్టూలు మీద కూర్చుంది. మూడేళ్ళుగా ఆ సీసాలే ఆమె చదువు. తల దువ్వుకోలేదు. చేతిలో కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది.

"గురువారం విచారణట బాబాయ్. సీసాలు నేనే కలిపేశానంటున్నారు."

"ఎవరు?"

"బయటి నుంచి నా పరిశోధన పుస్తకం పరీక్షించినావిడ అడిగారు. పెద్దసారు ఔనన్నారు. లేదూ, లెక్కలు నేనే అల్లానట. రెండిట్లో ఏదో ఒకటి ఒప్పుకుంటే మర్యాదగా పంపేస్తారట."

అతను గరాటా తుడిచి పక్కన పెట్టాడు.

ఆ రొయ్యల సంగతి ఆమె అతనికి ముందే చెప్పింది. తల్లి గుడ్లను నీళ్ళలో వదలదు. కడుపు కింది సంచిలో మోస్తుంది. పిల్లలు పుట్టిన రాతి కిందే పెరిగి, ఆ రాతి కిందే చస్తాయి. ముక్కురాళ్ళు రేవుకి పది మైళ్ళే. ఆ పది మైళ్ళు దాటి ఒక్క రొయ్యా ఇటు రాలేదు, అటు పోలేదు. వేల ఏళ్ళు. కాలు ఒకటి పీకి లోపలి డీఎన్ఏ చదివితే ఏది ఎక్కడిదో తెలిసిపోతుంది. "పది మైళ్ళే గానీ పెళ్ళి సంబంధాల్లేవు బాబాయ్" అని అప్పట్లో నవ్వింది. "మనుషులే నయం, పక్కూరికైనా పిల్లనిస్తారు" అన్నాడు అతను.

ఇప్పుడు నవ్వడం లేదు.

"అన్ని ఏళ్ళూ ఒక్క గీత మీద నిలబడ్డాయి. రేవువి రేవువే. ముక్కురాళ్ళవి ముక్కురాళ్ళవే. ఒక్క పదహారో సీసా తప్ప." కింది అరలోని సీసాని వేలితో చూపించింది. "అందులో ఉన్నవన్నీ రేవు రక్తమే. మూడుసార్లు చేశాను. నీళ్ళు వేడెక్కాయో, విషం పడిందో, ఆ ఏడు ముక్కురాళ్ళ దగ్గర ఏదో జరిగింది బాబాయ్. అక్కడివన్నీ చచ్చిపోయాయి. పడవల అడుగున అంటుకుని ఇక్కడివి అక్కడికి చేరాయి. తర్వాతి ఏడాదికి లోతు రాళ్ళ కింద మిగిలినవి పైకొచ్చి వీటిని తరిమేశాయి. మూడు అధ్యాయాలు రాశాను దాని మీద. చచ్చిన జాతి ఏడాదిలో లేచి రాదు, పిల్ల సీసాలు తారుమారు చేసింది అంటుంది ఆవిడ."

అతను పోస్తున్న స్పిరిట్ సీసా అంచు దాటి బల్ల మీదికి కారింది. అతను చూసుకోలేదు.

"పోతోంది బాబాయ్."

అతను గుడ్డ తీసుకుని బల్ల తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"నీకేమైనా గుర్తుందా? ఆ ఏడు నీళ్ళ రంగు మారడం, చేపలు తేలడం, అలాంటివి?"

"గుర్తు లేదు."

"నువ్వే చూసి ఉండాలి. నువ్వు తప్ప అక్కడికి పోయేవాడెవడు?"

"చూస్తే చెప్పనా?" అన్నాడు అతను. పదహారో సీసాకి మూత బిగించి, అన్నిటికన్నా వెనక్కి నెట్టాడు. అలా నెట్టడం తప్పని తెలిసి, మళ్ళీ దాని వరసలో పెట్టాడు.

*

మంగళవారం అతను కేంద్రం నడిపే పెద్దసారు గది ముందు బెంచీ మీద కూర్చున్నాడు. పది నిమిషాల పని అనుకున్నాడు. తలుపు తోసుకుని లోపలికి పోయి, నాలుగు మాటలు చెప్పి రావడమే. గంటైంది.

స్టోరు గుమాస్తా అటూ ఇటూ తిరుగుతూ ఆగాడు. "ఏం గడియారం, కీ ఇచ్చుకోడానికొచ్చావా?"

"నీ పని చూసుకో."

"నా పనే చూస్తున్నా. వచ్చే ఏడు దిగిపోతున్నావుగా, క్వార్టరు ఎప్పుడు ఖాళీ చేస్తావో రాసివ్వమన్నారు. ఆ మూలగది నాకు రావాలి. మా ఆవిడ ఇప్పటికే కర్టెన్లు కొలిచింది, కిటికీలోంచి."

ఆ మూలగదిలో వంటింటి గోడకి నూనె చెయ్యి మరక ఒకటి ఉంది. భార్య పొయ్యి దగ్గర లేచేటప్పుడల్లా ఆనించే చోటు. సున్నం వేయించేటప్పుడు ఆ జానెడు వదిలెయ్యమని రెండుసార్లు పనివాళ్ళతో గొడవపడ్డాడు. రాతి రొయ్యకి రాయి ఎంతో అతనికి ఆ గది అంత.

లోపలి నుంచి పిలుపు వచ్చింది.

పెద్దసారు తలెత్తలేదు. ఏదో రాసుకుంటున్నాడు. "రా, రా. నీకోసమే కబురు చేద్దామనుకుంటున్నా. గురువారం నువ్వూ ఉండాలి. సేకరణ పుస్తకం తీసుకురా."

"అయ్యా, ఆ అమ్మాయి సంగతే..."

"అదే. ఏ ఏటికా ఏడు సీసాలు సరిగ్గా తెచ్చి, సరిగ్గా రాసి, అరలో పెట్టానని చెప్పు. చాలు. అరలో పెట్టేదాకా తప్పు లేదంటే, తీసినవాళ్ళదే తప్పు." అప్పుడు తలెత్తాడు. "ఇరవై రెండేళ్ళ వరస ఇది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నీ మాట మీద నిలబడి ఉంది. ఒక్క పిల్ల కోసం దీన్ని గంగలో కలపలేం కదా?"

అతను నిలబడే ఉన్నాడు. బల్ల ఇవతల ఇదే చోట ఆరేళ్ళ కిందట కూడా నిలబడ్డాడు. అప్పుడు చేతిలో సెలవు చీటీ ఉంది.

"ఇంకేమన్నా ఉందా?"

"లేదండి."

బయటికొస్తే గుమాస్తా ఇంకా అక్కడే ఉన్నాడు. అతను ఆ పక్కకే చూడకుండా మెట్లు దిగాడు. ఇంకో మెట్టు లేదనుకుని అడుగు వేసి, ఆఖరి మెట్టు మీద కాలు తప్పాడు.

*

బుధవారం పనయ్యాక మరదలి ఇంటికి పోయాడు. చచ్చిపోయిన భార్యకి చెల్లెలు. వీధిలోకి తెరిచిన ముందుగదిలో కుట్టుమిషను. ఎవరిదో చొక్కా చేతులు లేకుండా మిషను మీద వేలాడుతోంది. బావ వస్తే లేచి కూర్చోమనడం ఆమె ఆరేళ్ళ కిందటే మానేసింది.

"ఏంటి, దారి తప్పావా?"

"నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు. కాలు ఆడుతూనే ఉంటుంది, చెవి ఖాళీగానే ఉంది."

అతను గడప మీద కూర్చున్నాడు. మిషను చప్పుడు ఆగి మళ్ళీ మొదలయ్యేదాకా ఆగాడు.

"ఆ రోజు ఆస్పత్రిలో... సిగరెట్టుకి పోయానని చెప్పాను కదా నీకు."

మిషను ఆగింది.

"సిగరెట్టుకి పోలేదు. ఆస్పత్రి వెనకే కదా రేవు. అక్కడికి పోయాను. రొయ్యలు పట్టడానికి."

ఆమె చొక్కాని మిషను మీంచి తీయలేదు. దారం చివర పళ్ళతో కొరికింది. "రొయ్యలు."

"పెద్దపాటు ఆ రోజే. సెలవడిగితే ఇవ్వలేదు. ముక్కురాళ్ళకి పోతే పోనూ రానూ ఆరు గంటలు. మీ అక్కనలా వదిలి పోలేకపోయాను. రేవుది ఒక్కటైనా తీద్దామని దిగాను. దిగాక, అక్కడివే రెండు సీసాల్లోనూ పోశాను. అరగంట పని. రెండో సీసాకి అట్టముక్క లేదు. సిరాతో రాస్తే స్పిరిట్లో కరిగిపోద్ది, మామూలు కాగితం నానిపోద్ది. అట్ట మీద పెన్సిలుతో రాసి లోపల వెయ్యాలి. జేబులో తడిమితే ఆస్పత్రి పాసు తగిలింది. దళసరి అట్ట. సగానికి చించి, వెనక రాశాను."

"ఏ పాసు?"

"తోడు మనిషి పాసు."

ఆమె మొహం మెల్లగా మారింది. అతను ఆమె మొహం చూడకుండా గడప మీది మేకుని చూస్తూ చెప్పాడు.

"ముద్ర ఉన్న సగం సీసాలో పడింది. చూసుకోలేదు. గేటు దగ్గరికొస్తే కాపలావాడు ముద్ర ఏదన్నాడు. ఈ సగం చూపించాను. చిరిగిన పాసు చెల్లదన్నాడు. కాళ్ళు పట్టుకున్నాను. జేబులో సీసా ఉంది, మూత తీసి ముద్ర చూపిద్దామా అనుకున్నాను. పురుగుల సీసా చూపిస్తే పిచ్చోడని తరిమేస్తాడని తియ్యలేదు. నువ్వు మెట్లు దిగి ఏడుస్తా వచ్చేదాకా గేటు బయటే ఉన్నాను."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"ఆఖర్న అడిగింది," అంది మరదలు. "'మీ బావ పెద్దపాటుకి పోయాడా' అని అడిగింది. లేదక్కా, ఇక్కడే ఉన్నాడు, కిందికి పోయాడు అన్నాను. 'పోవాల్సింది, ఇరవై ఏళ్ళు నిండాక పెద్ద సన్మానం చేస్తారంట' అంది. ఆ మాట నీకు చెప్పకూడదనుకున్నాను. సిగరెట్టుకి పోయినోడికి ఆ మాట దక్కకూడదనుకున్నాను."

అతను మోకాళ్ళ మధ్యకి తల దించుకున్నాడు.

"ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

చెప్పాడు. అమ్మాయి సంగతి, గురువారం సంగతి, పెద్దసారు మాట, మూలగది.

"అయితే నన్నేం చెయ్యమంటావు? చెప్పొద్దనమంటావా?"

"అనమనడానికే వచ్చానేమో."

"అనను." చొక్కాని మళ్ళీ సూది కిందికి సర్దింది. "చెప్పమనీ అనను. నీ అబద్ధం నమ్మి ఆరేళ్ళు ఆ మాటకి నేను కాపలా ఉన్నాను. చాలు. లే, గడపలోంచి. జనం వచ్చే వేళ."

*

గురువారం పొడుగు బల్ల. అటు పెద్దసారు, పక్కన బయటి నుంచి వచ్చిన పెద్దావిడ. ఆమెకి రెండు కళ్ళద్దాలు, దూరానికొకటి, దగ్గరికొకటి. మాటిమాటికీ మారుస్తోంది. ఇటు అమ్మాయి. ఆమె ముందు పదహారో ఏటి సీసాలు రెండూ ఉన్నాయి. గోడవార కుర్చీలో అతను, ఒళ్ళో సేకరణ పుస్తకం.

అమ్మాయి చెప్పిందే చెప్పింది. కలపలేదంది. మూడుసార్లు చేశానంది. పెద్దావిడ కఠినంగా లేదు. అదే ఇంకా ఘోరంగా ఉంది. "చూడమ్మా, ఏ జాతీ ఇలా చెయ్యదు. పొరపాటు అందరికీ జరుగుతుంది. ఒప్పుకుంటే సరిపోతుంది" అంది.

"జరగని పొరపాటు ఎలా ఒప్పుకోను?"

పెద్దసారు గోడ వైపు తిరిగాడు. "సీసాలు తెచ్చేది ఇతను. ఇరవై రెండేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు. ఏం, పదహారో ఏడు రెండు సీసాలూ నువ్వే తెచ్చావు కదా?"

"నేనే అండి."

"పుస్తకంలో సంతకం నీదే?"

"నాదే."

"ముక్కురాళ్ళవి ముక్కురాళ్ళ దగ్గర పట్టినవే కదా?"

అతను లేచి నిలబడ్డాడు. పుస్తకాన్ని కుర్చీలో పెట్టాడు.

"కాదండి. రెండూ రేవువే. నేనే పోశాను. అమ్మాయి తప్పేం లేదు."

పెద్దావిడ అద్దాలు మార్చింది.

పెద్దసారు నవ్వాడు. "ఆ పిల్ల బాబాయ్ బాబాయ్ అంటుంది. జాలి పడుతున్నాడు. కూర్చో. వయసు మీద పడింది నీకు."

"ముక్కురాళ్ళ సీసాలో అట్టముక్క బయటికి తీసి వెనక్కి తిప్పండి. అది మన అట్ట కాదు."

అమ్మాయి అప్పటికే మూత తీసింది. పట్టకారు లోపలికి పోయింది. సీసా గోడకి అంటుకుని ఉన్న అట్ట రెండుసార్లు జారి, మూడోసారి వచ్చింది. పెన్సిలు రాత చెక్కుచెదరలేదు. ముక్కురాళ్ళు, తేదీ. ఆరేళ్ళుగా అద్దంలోంచి అందరూ చదివింది ఆ వైపే. ఆమె దాన్ని తిప్పి తెల్లగిన్నెలో పెట్టింది.

వెనక అచ్చుఅక్షరాలు సగం తెగి ఉన్నాయి. మనిషి పాసు. లోనికి అనుమతి. కింద లేత ఊదా మచ్చ. ముద్ర సిరా స్పిరిట్లో కరిగి అంతే మిగిలింది.

"ఏదో చిత్తుకాగితం," అన్నాడు పెద్దసారు. "తేదీ ఏది? పేరేది?"

అతను చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు. లోపల రెండో సగం. అంచుల దగ్గర నలిగి పీచులా అయింది. మంచం నంబరు ఉంది. తేదీ ఉంది, పెన్నుతో. దాన్ని గిన్నె అంచు దాకా జరిపాడు. అంచులు కలవలేదు. అమ్మాయి పట్టకారుతో అటుదాన్ని ఇటు జరిపింది. కలిసింది. *తోడు* అన్న మాట ఒక సగంలో, *మనిషి* అన్నది ఇంకో సగంలో.

పెద్దావిడ చాలాసేపు చూసింది. "ఎవరు ఆస్పత్రిలో?"

"నా భార్య అండి."

"ఎలా ఉన్నారు?"

"ఆ మధ్యాహ్నమే పోయిందండి."

"మరి సెలవు పెట్టుకోలేదా?"

అతను పెద్దసారు వైపు చూశాడు. పెద్దసారు కలం మూత తీసి, పెట్టి, తీస్తున్నాడు.

"అడిగానండి. సముద్రం ఏడాదికొకసారే తగ్గుతుంది, ఆస్పత్రి రోజూ ఉంటుంది అన్నారు."

"నాకు గుర్తు లేదు," అన్నాడు పెద్దసారు.

"మీకుండదండి."

*

నాలుగింటికి కాగితాలు వచ్చాయి. అమ్మాయి ఉండొచ్చు. పదహారో సీసా తీసేసి, దాని మీద కట్టిన మూడు అధ్యాయాలూ తీసేసి, మళ్ళీ రాయాలి. అతను శనివారం నుంచి రానక్కర్లేదు. నెలలోగా మూలగది ఖాళీ చెయ్యాలి. అతని కాగితం మీద పెద్దసారు కలం గట్టిగా నొక్కి పెట్టిన సంతకం ఉంది.

సీసాల గదిలో అతను తన జల్లెడ కడిగి మేకుకి తగిలించాడు. అమ్మాయి వచ్చింది. కృతజ్ఞత చెప్పడానికి వచ్చిన మొహం కాదు అది.

"సోమవారం అడిగాను నిన్ను. గుర్తు లేదన్నావు."

"అన్నాను."

"మూడు రోజులు నిద్ర లేదు నాకు. మూడేళ్ళు పోయాయి. చావు లేనిచోట చావు రాశాను."

"చావు ఉందమ్మా," అన్నాడు అతను. "చోటు తప్పు."

ఆమె స్టూలు మీద కూర్చుంది. కోపం దిగలేదు. "మిగతా సీసాలు? అందులో ఇంకెన్ని ఇలాంటివి? ఆవిడ అడిగారు. నేనేం చెప్పాలి? నీ మాట నమ్మమని చెప్పనా?"

అతను ఆ ప్రశ్న కోసం ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. ఒకసారి అబద్ధం రాసిన చెయ్యి. ఒట్టు పెట్టుకున్నా గడ్డిపోచ విలువ చెయ్యదు.

"నమ్మొద్దు," అన్నాడు.

ఆమె అరల వైపు చూసింది. చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి, లెక్క పెడుతున్నట్టు. తర్వాత మొహంలో ఏదో సడలింది.

"నిన్ను నమ్మక్కర్లేదు కదా," అంది మెల్లగా. "అన్నిటి కాళ్ళూ నేనే పీకాను. నలభై నాలుగు సీసాలు. ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కటి తప్ప. నువ్వు వానలో పోయిన ఏడూ, జ్వరంతో పోయిన ఏడూ, అన్నీ నిజమే పలికాయి." ఆగింది. "ఒక్కటే బాబాయ్. ఒక్కటే."

అతను గోడ వైపు తిరిగి, మేకుకున్న జల్లెడని సరిచేశాడు. అది వంకరగా లేదు.

ఆమె సేకరణ పుస్తకం తెరిచి పదహారో ఏటి పేజీ తీసింది. ముక్కురాళ్ళ వరసలో అతని రాత మీద స్కేలు పెట్టి ఒక గీత గీసింది. పేజీ చివర ఒక గడి ఉంది: 'సేకరణ జరగకపోతే కారణం'. ఇరవై రెండేళ్ళలో ఎవరూ దాన్ని నింపలేదు.

"ఇక్కడేం రాయమంటావు?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఏదైనా రాసుకో అన్నట్టు.

ఆమె ఆలోచించి రాసింది. *సేకరించే మనిషి సెలవులో ఉన్నాడు. భార్యకి జబ్బు.* పుస్తకంలో ఏది కొట్టేసినా పక్కన పెద్దసారు పొడి సంతకం ఉండాలి. అది ఇక్కడి రూలు. ఆమె పుస్తకం ఛాతీకి ఆనించుకుని పైకి పోయింది.

అతను కిటికీ దగ్గర నిలబడ్డాడు. పాటు వెళ్ళిపోయి పోటు మొదలైంది. రేవులో మెట్లు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. నాలుగు మెట్లు మునిగేదాకా ఆమె రాలేదు.

వచ్చి పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టింది. గీత పక్కన పొడి సంతకం. సిరా ఇంకా తడిగా ఉంది.

"ఏమన్నా అన్నారా?"

"రెండుసార్లు చదివారు. సంతకం పెట్టాక కలం విసిరికొట్టారు."

అతను వంగి చూశాడు. చదువుకున్నది ఊరి బడిలోనే కాబట్టి వేలు పెట్టి చదవడం అలవాటు. సెలవులో ఉన్నాడు. వేలు అక్కడ ఆగింది. తడి సిరా అంటుకుంటుందని కాస్త పైకెత్తి పెట్టుకున్నాడు.

అమ్మాయి తెల్లగిన్నె తెచ్చింది. అందులో రెండు సగాలూ ఉన్నాయి. "ఇవి నువ్వు తీసుకుపో."

"అట్ట సీసాలోంచి బయటికి రాకూడదు," అన్నాడు అతను. పట్టకారు తీసుకుని రెండు సగాలనూ ఒకదాని తర్వాత ఒకటి పదహారో సీసాలోకి దించాడు. స్పిరిట్ తగలగానే రెండో సగం మీది పెన్నురాత, తేదీ, మంచం నంబరు, నీలంగా కరగడం మొదలైంది. అది పూర్తిగా పోయేదాకా చూసి, మూత బిగించి, సీసాని దాని వరసలో దాని చోట పెట్టాడు.